మొదటిసారి వైబ్రేటర్ వాడబోయేవారికి

చాలా ఏళ్ల కిందట నేను మొదటిసారి కొన్న వైబ్రేటర్ అట్టపెట్టె మీద ‘బాడీ మసాజర్’ అని మాత్రమే ఉంది. పెట్టె తెరవగానే కొత్త రెయిన్‌కోటు మడత విప్పినప్పటి వాసన గుప్పుమంది, తాకితే చేతికి జిడ్డు అంటింది. ఎవరి కంటా పడకూడదని దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పట్టుచీరల మధ్య దాచాను. ఎండాకాలం గడిచాక తీసి చూస్తే దాని పైపొర మెత్తబడి కవరుకు అతుక్కుపోయి ఉంది. కవరులోంచి కారిన నూనె మా అత్తగారు పెట్టిన చీర జరీ అంచు మీద అరచేతి మేర మరక చేసింది. డ్రైక్లీనింగ్ షాపు అబ్బాయి అదేమిటని అడిగితే ఆముదం ఒలికిందని చెప్పాను.

ఆ మరకను తలచుకున్నప్పుడల్లా నాకు ఒక సంగతి స్పష్టమవుతుంది. లైంగిక సుఖం కోసం వాడే, కంపించే ఈ పరికరాలతో కలిగే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వాటిని చాటుగా పెట్టుకోవలసి రావడం వల్ల వచ్చేవే. ఎవరినీ అడగలేక ఏది దొరికితే అది కొంటాము, తలుపు చప్పుడుకు చెవి అప్పగించి తొందరగా వాడతాము, సరిగ్గా కడగకుండానే తడిగా దాచేస్తాము, ఏదైనా జరిగితే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి రెండు రోజులు తటపటాయిస్తాము. చాటు తప్పకపోవచ్చు గాని, దాని వెంట వచ్చే ఈ తొందరనూ నిర్లక్ష్యాన్నీ తప్పించుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ పురుషుల కోసం, అందులోనూ ముఖ్యంగా లోపలికి పెట్టకుండా శరీరం పైపైనే వాడే చిన్న వైబ్రేటర్‌తో మొదలుపెట్టదలచిన స్త్రీల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా చట్టం గురించి రెండు మాటలు, ఎందుకంటే చాలామందికి ఆ భయమే మొదట ఉంటుంది. అశ్లీల వస్తువుల అమ్మకాన్ని మన చట్టం నిషేధిస్తుంది. పాత శిక్షాస్మృతిలో 292వ సెక్షన్‌గా ఉన్న ఆ నిబంధన 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 294వ సెక్షన్‌గా ఉంది. అది అమ్మకం, పంపిణీ, ప్రదర్శనలకు సంబంధించినదే తప్ప వయసు నిండిన వ్యక్తి తన గదిలో తన కోసం వాడుకునే వస్తువుకు సంబంధించినది కాదు. దిగుమతి చేసుకున్న బాడీ మసాజర్లను 1964 నాటి నోటిఫికేషన్ ఆధారంగా కస్టమ్స్ అధికారులు ఆపినప్పుడు, వాటిని నిషిద్ధ వస్తువులుగా పరిగణించడం కుదరదని 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు తేల్చింది. ఆన్‌లైన్ దుకాణాలు ఇప్పటికీ ‘పర్సనల్ మసాజర్’ అన్న పేరునే పట్టుకుని వేలాడడానికి ఈ గందరగోళమే కారణం. దాని వల్ల కొనేవారికి జరిగే అసలు నష్టం ఏమిటంటే, ఆ పేరు వెనుక వస్తువు దేనితో తయారైందో చాలాసార్లు రాసి ఉండదు.

కొనేటప్పుడు

దేనితో తయారైందన్నదే మొదటి ప్రశ్న కావాలి. రంగు, ఆకారం, ఎన్ని రకాల కంపనాలు ఉన్నాయన్నవి తరువాతి సంగతి. సూక్ష్మరంధ్రాలు లేని పదార్థాలు శరీరానికి మంచివి, ఎందుకంటే సబ్బుతో కడిగితే వాటి మీద దాదాపు ఏమీ మిగలదు. మెడికల్ గ్రేడ్ సిలికాన్, స్టెయిన్‌లెస్ స్టీలు, బోరోసిలికేట్ గాజు, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ ఈ కోవలోకి వస్తాయి. జెల్లీ, రబ్బరు, టీపీఈ, టీపీఆర్, ‘అచ్చం చర్మంలాంటిది’ అన్న పేర్లతో వచ్చేవి మెత్తగా, చవకగా ఉంటాయి గాని వాటి నిండా కంటికి కనబడని రంధ్రాలుంటాయి. ఎంత కడిగినా వాటిలో సూక్ష్మజీవులు నిలిచిపోవచ్చు. జెల్లీ రకంలో పీవీసీని మెత్తబరచడానికి థాలేట్లు అనే రసాయనాలను కలుపుతారు. పిల్లల ఆటబొమ్మల్లో వీటిలో కొన్ని బరువులో 0.1 శాతానికి మించకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన పెట్టింది. పెద్దల వస్తువు పిల్లల ఆటబొమ్మల లెక్కలోకి రాదు కనుక ఆ నిబంధన దీనికి వర్తించదు. నా చీర మీద కారిన నూనె ఆ మెత్తబరిచే పదార్థమే అయివుండాలి.

ఈ పరికరాల రూపకల్పనకూ పదార్థాల భద్రతకూ 2021లో ఐఎస్ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఆ సంఖ్య పెట్టె మీద ఉంటే మంచిదే. లేకపోతే ముక్కునూ వేళ్లనూ నమ్ముకోవలసిందే. మంచి సిలికాన్‌కు వాసన దాదాపు ఉండదు, తాకితే జిడ్డు అంటదు, గాజులా పారదర్శకంగా సాధారణంగా ఉండదు. పెట్టె తెరవగానే ఘాటైన వాసన వస్తే, డబ్బు పోయిందని బాధపడైనా సరే దాన్ని పక్కన పెట్టడం మేలు. ఒకవేళ వాడక తప్పదనుకుంటే పైన కండోమ్ తొడగండి.

మొదటి పరికరంగా బొటనవేలంత ఉండే, బుల్లెట్ అని పిలిచే చిన్న వైబ్రేటర్ చాలు. ఇది యోని లోపలికి పెట్టేది కాదు. స్త్రీలలో చాలామందికి సుఖస్పర్శకు కేంద్రం యోనిశీర్షిక, అంటే పైన చర్మపు మడత కింద ఉండే చిన్న మొగ్గలాంటి భాగం. లోపలికి పెట్టే పొడవైన పరికరం అక్కడికి చేరనే చేరదు. పెద్దదైతే ఎక్కువ సుఖమన్న అపోహతో మొదటే పెద్దది కొన్నవాళ్లు దాన్ని అటక మీదికి ఎక్కించడమే ఎక్కువ. నీటి విషయంలో ఐపీఎక్స్7 అన్న గుర్తు చూడండి. ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉన్నా లోపలికి నీరు చేరదని దాని అర్థం. ఐపీఎక్స్4 అయితే తుంపర్లకు మాత్రమే ఆగుతుంది, కుళాయి కింద పెట్టకూడదు.

జారుడు జెల్, కొబ్బరినూనె

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంటలకూ గీతలకూ పొడిదనమే ఎక్కువగా కారణమవుతుంది. తడి లేకపోతే ఆసక్తి లేదని కాదు. నెలసరి ఆగిపోయినవారిలోనూ, పాలిచ్చే తల్లుల్లోనూ, జలుబు మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారిలోనూ పొడిదనం మామూలే. అందరికీ సరిపోయేది నీటి ఆధారిత లూబ్రికెంట్. అది సిలికాన్ పరికరాన్నీ కండోమ్‌నూ పాడుచేయదు, నీటితో కడిగితే పోతుంది. దాని లోపం త్వరగా ఆరిపోవడం. ఆరినప్పుడు మళ్లీ జెల్ వేసేముందు వేలితో రెండు చుక్కల నీళ్లు చల్లి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. సిలికాన్ ఆధారిత జెల్ ఎక్కువసేపు నిలుస్తుంది గాని సిలికాన్ పరికరం పైపొరను జిగటగా మార్చవచ్చు కనుక ఆ రెంటినీ కలపకపోవడం మంచిది.

మన ఇళ్లలో చేతికందే దూరంలో ఉండేది కొబ్బరినూనె. దాన్ని చర్మం ఓర్చుకునే మాట నిజమే, కాని లాటెక్స్ కండోమ్‌ను అది నిమిషాల్లో బలహీనపరుస్తుంది. వాజలీన్, బేబీ ఆయిల్, వెన్న, నెయ్యి అన్నీ అంతే. గర్భం రాకుండానో ఇన్ఫెక్షన్లు సోకకుండానో కండోమ్ మీద ఆధారపడేవారు నూనె జోలికే పోకూడదు. సబ్బు, షాంపూ, బాడీ లోషన్ జారుడుగా ఉంటాయే తప్ప లోపలి పొరను మండిస్తాయి.

జెల్ కొనేటప్పుడు కావాలంటే ఒక లెక్క చూడవచ్చు. ఆరోగ్యవంతమైన యోనిలో ఆమ్లత్వం పీహెచ్ 3.8 నుంచి 4.5 వరకు ఉంటుంది కనుక జెల్ పీహెచ్ కూడా 4.5 దగ్గరలో ఉండాలనీ, ఓస్మోలాలిటీ అనే గాఢత 1200 (mOsm/kg) దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. గాఢత మరీ ఎక్కువైన జెల్ పొరల్లోని నీటిని లాగేసి వాటిని పలుచబరుస్తుంది. ‘వేడి పుట్టించేది’, ‘చల్లదనమిచ్చేది’, ‘తిమ్మిరి కలిగించేది’ అని రాసి ఉన్న జెల్‌లను కొత్తవారు ముట్టుకోవద్దనే నా సలహా. తిమ్మిరెక్కించే మందు నొప్పిని తీసేయదు, నొప్పి తెలియకుండా చేస్తుంది. దెబ్బ తగులుతున్నా తెలియకపోవడం కన్నా ప్రమాదం మరొకటి లేదు.

మొదటిసారి

కనీసం ముప్పావు గంట ఎవరూ పిలవని సమయం చూసుకోండి. ఉమ్మడి కుటుంబంలో అది దుర్లభమని నాకు తెలుసు. అయినా అయిదు నిమిషాల్లో ముగించాలనుకుంటే ఆ రోజుకు మానుకోవడమే మంచిది, ఎందుకంటే కంగారుపడుతున్న శరీరం కండరాలను బిగబట్టుకుంటుంది. మూత్రవిసర్జన చేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, గోళ్లు గరుకుగా ఉంటే నున్నగా చేసుకోండి. పచ్చిమిరపకాయలు తరిగిన రోజూ ఆవకాయ కలిపిన రోజూ ఈ ప్రయత్నం వద్దు. మిరప ఘాటు నీటికి కరగదు, నూనెకు కరుగుతుంది. తప్పదంటే ముందు చేతులకు నూనె రాసి తుడిచి, ఆ తరువాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. నొప్పి బామ్ రాసుకున్న చేతులకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

పరికరాన్ని ముందు అరచేతిలో పట్టుకుని అన్ని వేగాలూ చూడండి. బటను నొక్కి ఎలా ఆపాలో చీకట్లో కూడా వేలికి తెలియాలి. ఆ తరువాత అతి తక్కువ వేగంలో పెట్టి తొడ లోపలివైపు, పొత్తికడుపు మీద ఆనించి శరీరాన్ని అలవాటు పడనివ్వండి. మొదట లోదుస్తుల మీదుగానే ఆనించడం మంచిది, బట్ట కంపనాన్ని కొంత మెత్తబరుస్తుంది. తరువాత జెల్ రాసి, యోనిశీర్షిక మీద సూటిగా కాకుండా దాని పక్కన, పైమడత మీదుగా తేలికగా ఉంచండి. అక్కడ నరాలు కిక్కిరిసి ఉంటాయి, నేరుగా నొక్కితే సుఖం బదులు చురుకు తగులుతుంది. వేగం పెంచాలనిపించినప్పుడు ముందు చోటు మార్చి చూడండి, తరువాతే బటను నొక్కండి.

మొదటిసారే ఏదో అద్భుతం జరగాలని లేదు. ఏమీ జరగకపోయినా, ఏది హాయిగా ఉందో ఏది లేదో తెలిసినా ఆ పూట వృథా కాలేదు. పదిహేను ఇరవై నిమిషాల్లో తిమ్మిరిగా అనిపిస్తే ఆపేయండి. బలమైన కంపనం తరువాత వచ్చే తిమ్మిరి తాత్కాలికమే, సాధారణంగా కొద్ది గంటల్లో పోతుంది. వైబ్రేటర్ వాడితే నరాలు శాశ్వతంగా మొద్దుబారతాయన్నది మన దగ్గర గట్టిగా పాతుకుపోయిన భయం. అమెరికాలో 18 నుంచి 60 ఏళ్ల స్త్రీలపై జరిపి 2009లో ప్రచురించిన ఒక సర్వేలో సగానికి కాస్త ఎక్కువ మంది వైబ్రేటర్ వాడినట్టు చెప్పారు, వారిలో దాదాపు 70 శాతం మంది ఎన్నడూ ఏ ఇబ్బందీ కలగలేదన్నారు. మోటారు చేతికి వేడిగా తగిలినా, ఛార్జింగ్ జరుగుతున్నా వాడవద్దు. వాడాక మళ్లీ ఒకసారి మూత్రవిసర్జన చేస్తే మూత్రనాళంలోకి చేరిన సూక్ష్మజీవులు బయటికి పోయే అవకాశం ఉంటుంది.

లోపలికి వాడాలనుకున్నప్పుడు

ఇది తప్పనిసరి మెట్టు కాదు. వాడదలచినవారు తమ వేలి మందానికి దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టాలి. జెల్ పరికరానికీ, శరీరానికీ రెండింటికీ రాసి, ఊపిరి నిదానంగా వదులుతూ ఉండగా కొద్దికొద్దిగా లోపలికి పోనివ్వాలి, ఊపిరి బిగబట్టి నెట్టకూడదు. కొద్దిగా బిగుతుగా అనిపించడం వేరు, మంట వేరు. మంట పుడితే వెనక్కి తీసి జెల్ మళ్లీ రాసి చూడండి, అప్పటికీ మండితే ఆ రోజుకు చాలించండి. ఎన్నిసార్లు ప్రయత్నించినా వేలు కూడా పోనంతగా కండరాలు బిగుసుకుపోతుంటే అది వెజినిస్మస్ కావచ్చు. దానికి చికిత్స ఉంది. చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా ఉండే, డైలేటర్లు అనే నున్నని సాధనాలతో స్త్రీవ్యాధి నిపుణులే సాధన చేయిస్తారు. ఇక కన్నెపొర చిరిగితే పెళ్లినాడు తెలిసిపోతుందన్న భయంతో ఉత్తరాలు రాసే అమ్మాయిలు ఇప్పటికీ ఉన్నారు కనుక చెబుతున్నాను: ఆ పొర ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా సాగుతుంది, దాన్ని చూసి కన్యాత్వాన్ని నిర్ధారించే పరీక్ష ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా ప్రకటించింది.

మలద్వారం విషయంలో నియమాలు మారిపోతాయి. యోని లోపలి చివర గర్భాశయ ముఖంతో మూసుకుని ఉంటుంది, అక్కడ ఏ వస్తువూ పోయి కనబడకుండా పోదు. మలద్వారం పైన పేగు తెరిచే ఉంటుంది, దాని కండరాలు వస్తువును లోపలికి లాగుకుంటాయి. అందువల్ల కింది భాగం వెడల్పుగా, పళ్లెంలా విచ్చుకుని ఉన్న పరికరం తప్ప మరేదీ అక్కడ వాడకూడదు. బుల్లెట్ వైబ్రేటర్‌కు దారం ఉన్నా అది తెగిపోగలదు, దాన్ని నమ్మవద్దు. అక్కడ సహజంగా తడి ఊరదు కనుక జెల్ ధారాళంగా కావాలి. అక్కడి రెండు వలయాకార కండరాల్లో బయటిదాన్ని మనం వదులు చేయగలం, లోపలిది మన మాట వినదు, దానికి సమయం ఇవ్వడం తప్ప దారి లేదు. మలద్వారంలో వాడినదాన్ని కడగకుండా, కండోమ్ మార్చకుండా యోని దగ్గరికి తేవద్దు. సీసాలు, కొవ్వొత్తులు, కూరగాయలు ఎక్కడా పనికిరావు. ఒకటి లోపల గాలి లాగి పట్టేసుకుంటుంది, ఒకటి విరుగుతుంది, ఒకటి తొక్కతో గీరుతుంది.

పురుషాంగానికి తొడిగే రింగు వాడే జంటలు సాగే సిలికాన్‌దే ఎంచుకోవాలి, 20 నుంచి 30 నిమిషాలకు మించి ఉంచకూడదు, దాంతో నిద్రపోకూడదు. లోహపు రింగు వాపు వచ్చాక ఊడదు. రక్తం పలుచబడే మందులు వాడేవారు దీని జోలికి పోవద్దు.

గర్భిణులు రక్తస్రావం, మాయ కిందికి ఉండడం, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే ప్రమాదం వంటివి ఉంటే డాక్టరును అడిగి తీరాలి. ప్రసవం తరువాత గాయాలు మానేవరకు, సాధారణంగా ఆరు వారాల పాటు, లోపలికి ఏదీ వాడకూడదు. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు వేడినీ ఒత్తిడినీ చేత్తో పరీక్షించుకుంటూ వాడాలి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు అయస్కాంతంతో అతుక్కునే ఛార్జరును ఛాతీ దగ్గరికి రానివ్వకూడదు.

కడగడం, దాచడం

వాడకముందు ఒకసారి, వాడాక వెంటనే ఒకసారి ఘాటు లేని సబ్బుతో గోరువెచ్చని నీటిలో కడగండి. గాడి, అతుకు, బటను చుట్టూ ఉన్న సందుల్లో మెత్తని బ్రష్షు పోనివ్వండి, జెల్ అక్కడే ఎండి పేరుకుంటుంది. మోటారు లేని సిలికాన్, స్టీలు వస్తువులను అయిదు నిమిషాలు మరిగే నీటిలో ఉంచవచ్చు, అందుకు వేరే గిన్నె పెట్టుకోమని చెప్పనక్కరలేదనుకుంటాను. గాజును వేడి నుంచి చన్నీటిలోకి ఒక్కసారిగా వేయకండి, ప్రతిసారీ వెలుతురులో పెట్టి పగులు ఉందేమో చూడండి. యాంటీసెప్టిక్ ద్రవంలో నానబెట్టే అలవాటు మన ఇళ్లలో అన్నిటికీ ఉంటుంది గాని ఆ ద్రవం జాడ మిగిలితే సున్నితమైన చర్మం మండిపోతుంది, సబ్బే చాలు.

పరికరాన్ని ఇద్దరు వాడుతుంటే ఒకరి నుంచి మరొకరికి మారేటప్పుడు కొత్త కండోమ్ తొడగాలి. అమెరికాలో పన్నెండు మంది స్త్రీలతో జరిపి 2014లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, మెత్తని టీపీఈ పరికరాన్ని కడిగాక 24 గంటలు గడిచినా కొన్నిటి మీద గర్భాశయ ముఖ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ జాడ దొరికింది. కడిగాను కదా అన్న ధీమా అన్ని పదార్థాలకూ సరిపోదు.

పూర్తిగా ఆరాక నూలు సంచిలో, ఒక్కో వస్తువును విడిగా పెట్టండి. పాత మెత్తని ప్యాంటు గుడ్డతో కుట్టుకున్న సంచి చాలు. ప్లాస్టిక్ కవరు వద్దు, అటక వద్దు, ఎండ తగిలే గోడ పక్క బీరువా వద్దు. బ్యాటరీలు తీసి పెట్టండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే బొత్తాంలాంటి గుండ్రని బ్యాటరీలు వారి చేతికి అందకుండా తాళం వేయండి, అవి మింగితే అన్నవాహికను గంటల్లో కాల్చేస్తాయి. ఉబ్బిన బ్యాటరీ ఉన్న పరికరాన్ని ఛార్జింగ్‌కు పెట్టకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.

డాక్టరు దగ్గర

ప్యాడ్ తడిసేంత రక్తం, ఒక రోజు దాటినా తగ్గని నొప్పి, దుర్వాసనతో కూడిన స్రావం, పెరుగు విరిగినట్టుండే తెల్లని స్రావంతో దురద, మూత్రంలో మంట, జ్వరం, వీటిలో ఏది కనిపించినా సొంత వైద్యం వద్దు. మలద్వారంలో వస్తువు ఉండిపోతే పట్టకార్లతో లాగే ప్రయత్నం గాని, విరేచనాల మందు, ఎనిమా గాని చేయకుండా వెంటనే పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. కడుపు గట్టిపడినా జ్వరం వచ్చినా పేగుకు రంధ్రం పడిందేమోనని అనుమానించాలి, అప్పుడు ప్రతి గంటా విలువైనదే. అక్కడ ‘కాలు జారి పడ్డాను’ అని చెబితే డాక్టరు వెతకవలసిన చోట కాక వేరే చోట వెతుకుతారు. తలుపు వేయించి, నర్సు ఒక్కరిని ఉండనిచ్చి, ఏ వస్తువు, ఎంత పొడవు, గాజా ప్లాస్టిక్కా, లోపల మోటారు ఇంకా తిరుగుతోందా, ఎన్ని గంటలైంది అన్నవి చెప్పండి. వైద్యానికి అవసరమైనవి అవే, మిగతా కథ వారు అడిగినా చెప్పనక్కరలేదు.